వార్డులో చేరబోతున్న మేనకోడలికి

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. నెల్లూరులో మానసిక చికిత్స వార్డులో సహాయ సైకాలజిస్టుగా చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అప్పటి నుంచి నీకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. పుస్తకాల్లోది నీకు నాకన్నా బాగా గుర్తుంటుంది. నేను చెప్పదలచుకున్నది కేస్ షీటులో నువ్వు రాయబోయే మాట గురించి.

నేనూ ఇలాంటి వార్డులో కొత్తగా చేరిన రోజుల్లో కందుకూరు వైపు నుంచి ఒక పెద్దామెను తీసుకొచ్చారు. ఇది ఏ నెల, తేదీ ఎంత అని అడిగాను. చెప్పలేకపోయింది. కాలం తెలియడం లేదని రాసేశాను. సాయంత్రం మందులిచ్చే సిస్టరుతో ఆమె, “రేపు వరలక్ష్మి శుక్రవారం కదమ్మా, మా ఇంట్లో కలశం ఎవరు పెడతారో” అని దిగులుపడుతోంది. ఆమెకు తెలియనిదల్లా ఇంగ్లీషు నెల పేరు. నా వాక్యం చదివి పెద్ద డాక్టరు మరెన్నో పరీక్షలు రాయబోయారు. సిస్టరు చెప్పబట్టి ఆగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ఆ మనిషి బతుకులోంచే ప్రశ్న తీసుకో. నూరులోంచి ఏడు, మళ్లీ ఏడు తీసేస్తూ పొమ్మంటే బడికి వెళ్లని మనిషి తడబడుతుంది. అదే పూలమ్మే ఆమెను, మూర ముప్పై రూపాయలైతే మూడు మూరలకు రెండు వందలిచ్చినవాళ్లకు తిరిగి ఎంతిస్తావని అడిగి చూడు. సామెతకు అర్థం చెప్పమంటే ఆ ఇంట్లో వాడే సామెతే అడుగు. రాత్రి మత్తు ఇంజెక్షన్ పడ్డవారికీ, కరెంటు చికిత్స, అదే ఈసీటీ, జరిగిన పూటా జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టకు. వచ్చే అంకె మందు ప్రభావాన్ని చెబుతుంది, మనిషి సంగతి చెప్పదు.

రోగి అన్న మాటను అన్నట్టే రాయి. “నాకు గిట్టనివాళ్లు మందు పెట్టారు” అన్నాడనుకో, అతను అన్నదే రాసి వెంట వచ్చిన అన్ననూ వదిననూ విడిగా అడుగు. వాళ్లూ అదే నమ్ముతుంటే అది ఆ ఇంటి నమ్మకం. భ్రమ అని రాయడానికి తొందరపడకు. “టీవీలో తన గురించే చెబుతున్నారంటాడమ్మా, మేమెంత చెప్పినా వినడు” అని ఇంట్లోవాళ్లే అంటే దాని సంగతి వేరు. గాలి సోకిందన్నవారి ముందు నవ్వకు, ముఖం చిట్లించకు. మన వైపు చాలామంది ఏఎస్ పేట దర్గాకో కసుమూరు దర్గాకో వెళ్లి, కొన్నాళ్లు ఉండి, ఆ తరువాత ఆసుపత్రికి వస్తారు. ఎందుకు వెళ్లారని నిలదీస్తే ఆ పైన నీకు ఒక్క మాటా దక్కదు. అక్కడ ఎన్నాళ్లున్నారు, నిద్ర పట్టిందా, అంతకుముందు వాడే మందులు మధ్యలో ఆపారా, ఇవి అడుగు. వ్యాధి ఎప్పుడు మొదలైందో ఆ జవాబుల్లోంచే తేలుతుంది.

డాక్టరు రౌండ్సులో నిమిషాల సేపు చూసే మనిషి దగ్గర నువ్వు గంట కూర్చుంటావు కాబట్టి మందుల తేడా ముందుగా నీ కంటపడవచ్చు. భ్రమలు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ పడ్డ కుర్రవాడికి మెడ ఒక పక్కకు వంకరపోయి, కనుగుడ్లు పైకి లాక్కుపోతే, దయ్యం మెడ తిప్పుతోందని తల్లి ఏడుస్తుంది. అది మందు వల్ల వచ్చే కండరాల బిగింపు, ఇంజెక్షన్‌తో త్వరగానే సర్దుకుంటుంది. వెంటనే సిస్టరును పిలువు. మనసు ఎగుడుదిగుళ్లు తగ్గించే లిథియం వాడేవారి మీద ఎండాకాలంలో ఇంకా కన్నేసి ఉంచు. ఒంట్లో నీరు తగ్గినా, ఉప్పు మానేసినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, తూలుతూ నడవడం కనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగకూడదు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చాలామంది ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తుంటారు. “ఎవరికీ చెప్పనని మాటివ్వండి మేడం” అంటే మాత్రం ఇవ్వకు. మీ ప్రాణానికి సంబంధించింది డాక్టరుకు చెప్పి తీరాలని అక్కడే చెప్పెయ్యి. తరువాత ఫైల్లో రాసి ఊరుకోకుండా డ్యూటీ డాక్టరుకూ సిస్టరుకూ నోటితో చెప్పు.

రోజూ వినే ప్రశ్న మరొకటుంది: నన్నెప్పుడు పంపుతారు? రేపు, ఎల్లుండి అని బుజ్జగించడం వార్డుల్లో అలవాటు. ఆ అలవాటు నాకు ఎన్నడూ నచ్చలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదువుకో. తనంతట తాను చేరినవాళ్లు వెళ్లిపోతానంటే, పరిస్థితిని మళ్లీ పరీక్షించడానికి డాక్టరు 24 గంటల దాకా ఆపవచ్చు. నామినీ, అంటే రోగి తరఫున మాట్లాడే ప్రతినిధి, దరఖాస్తు మీద చేర్చుకుంటే మొదటి గడువు 30 రోజులకు మించదు. ఎదుటి మనిషి ఎలా చేరాడో తెలుసుకుని నిజం చెప్పు. గొలుసులు వేయడం, మత్తు ఇవ్వకుండా ఈసీటీ చేయడం ఆ చట్టం నిషేధించింది. ఎక్కడైనా కనిపిస్తే కొత్తదాన్నని ఊరుకోకు.

ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ వచ్చేదాకా క్లినికల్ సైకాలజిస్టునని ఎవరితోనూ అనకు, నీ రిపోర్టు కింద పర్యవేక్షించేవారి సంతకం లేకుండా పంపకు. రోగితో మాట్లాడేటప్పుడు, అవసరమైతే వెంటనే బయటికి రాగలిగేలా నీ కుర్చీ తలుపు దగ్గరగా వేసుకో.

డిశ్చార్జి రోజు అందరూ బస్సు వేళ చూసుకుంటూ హడావుడిగా ఉంటారు. ఆత్మహత్య భయం ఎక్కువగా ఉండేది ఇంటికి వెళ్లిన మొదటి వారాల్లోనే. అందుకే ఇంటివాళ్లలో ఒకరిని పక్కకు కూర్చోబెట్టుకో. మందుల వేళలు పెద్ద అక్షరాలతో రాసివ్వు. పొలం ఉన్నవారైతే పురుగుమందు డబ్బా ఎక్కడ పెడతారో అడుగు, తాళం వేసి తాళంచెవి మరొకరి దగ్గర ఉంచమను. అదే కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 రాయి, తెలుగులోనే మాట్లాడతారని చెప్పు. చదవలేనివారైతే వాళ్ల ఫోనులో నువ్వే ఎక్కించి, ఎలా నొక్కాలో ఒకసారి వాళ్ల చేతే నొక్కించు.

మొదటి వారం అయ్యాక ఆదివారం ఒంగోలు రా. నువ్వు ఏమేం అడిగావో, వాళ్లు ఏ మాటల్లో చెప్పారో వినాలని ఉంది. పేర్లు మాత్రం నాకు చెప్పకు.

నీ
అత్తయ్య