రేగడి నేల మీద పూల్ డెక్: అబ్బాయికి బాబాయి ఉత్తరం

చిరంజీవి చిన్నాకి,

బాబాయి ఆశీస్సులు. మీ ఈత కొలను చుట్టూ వేసే నేలకి, అదే పూల్ డెక్కి, నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. స్టాంప్డ్ కాంక్రీటుకి (పోసిన పలక మీద రాతి డిజైన్ అచ్చు వేసేది) చదరపు అడుగు 15 డాలర్లు, పేవర్లకి (పేర్చే విడి రాళ్లకి) 23. ఏడువందల చదరపు అడుగుల డెక్కి తేడా 5,600 డాలర్లు. కోడలు పేవర్లంటోంది, నువ్వు లెక్క చూసి స్టాంప్డ్ వైపు మొగ్గుతున్నావు, మధ్యలోకి నన్ను లాగారు. నా ఓటు కోడలికే. ఎందుకో తెలియాలంటే ముందు మట్టి సంగతి చెప్పాలి.

టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో నీ పెరట్లో ఉన్నది మన గుంటూరు చేలల్లో ఉండే నల్లరేగడి లాంటిదే. ఇక్కడ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. పేరు మారింది గానీ బుద్ధి మారలేదు. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. చిన్నప్పుడు నేనూ మీ నాన్నా వేసవిలో చేలో నెర్రెల్లోకి కర్ర దోపి ఎంత లోతుందో చూసేవాళ్లం. 2011లో డాలస్‌లో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ తాకిన రోజులు 71. ఆ ఏడు మా ఇంటి గోడ వారన నా చెయ్యి మణికట్టు దాకా దూరేంత సందు పడింది. ఇక్కడి వాళ్లు పునాది చుట్టూ సోకర్ గొట్టాలు (నీరు ఊరే చిల్లుల గొట్టాలు) పరిచి మట్టిని తడుపుతారే, అది గడ్డి మీద ప్రేమతో కాదు.

అలాంటి నేల మీద నాలుగు అంగుళాల కాంక్రీటు పలక పరిస్తే కింద మట్టి కదిలినప్పుడల్లా అది పగలడానికి ఓ దారి వెతుక్కుంటుంది. ఆ దారేదో మనమే ముందు చూపించాలని ఎనిమిది నుంచి పన్నెండు అడుగులకోసారి, పలక మందంలో నాలుగో వంతు లోతున కోత కోస్తారు. నేను 2009లో స్టాంప్డ్ వేయించినప్పుడు మేస్త్రీ "కోతలు ఎక్కువైతే డిజైన్ పాడవుతుంది, తగ్గిద్దాం" అన్నాడు. అచ్చం రాతి పరుపులా కనపడాలని నాకూ ఆశ, తల ఊపాను. పైగా జూలై ఎండ. కాంక్రీటు త్వరత్వరగా బిగుసుకుపోతుంటే వాళ్లు రబ్బరు అచ్చులు వేసి కాళ్లతో తొక్కుతూ పరుగులు పెట్టారు. చివరి మూలకి వచ్చేసరికి అచ్చు సరిగా దిగనే లేదు. ఇప్పటికీ పాత ఫొటోల్లో నా కన్ను ముందు ఆ మూలకే పోతుంది.

రెండో వేసవి ముగిసేసరికి స్కిమ్మర్ (పూల్ నీటి మీది చెత్త పట్టే పెట్టె) చదరపు మూత మూల నుంచి ఐమూలగా వెంట్రుక మందాన ఓ గీత కనపడింది. చీమల బారు అనుకుని చీపురుతో తుడిచాను. పోలేదు. మరుసటి ఏడాదికి అందులో నాణెం నిలబడింది. అతుకు వేయిస్తే రంగు కలవలేదు. చీరకి వేరే చీర ముక్క కుట్టినట్టు దూరం నుంచే తెలిసిపోయేది. స్టాంప్డ్‌తో నా అసలు గొడవ ఇదే. పగలడం ఒక ఎత్తు, పగిలినది ఎప్పటికీ కనపడటం ఇంకో ఎత్తు. దానికి తోడు రెండు మూడేళ్లకోసారి సీలర్ అనే కాపు పూత కొట్టించాలి. కొట్టిన కొత్తలో తళతళలాడుతుంది, తడి కాలు పెడితే సర్రున జారుతుంది. నువ్వు చివరికి స్టాంప్డే వేయిస్తే సీలర్‌లో జారకుండా ఉండే గరుకు పొడి కలపమని కాగితం మీద రాయించుకో.

పేవర్లకి మారాక అంతా సుఖమే అని చెప్పను. మా డెక్కి స్కిమ్మర్ దగ్గర రెండేళ్లలో అంగుళం గుంట పడింది. పూల్ తవ్వాక చుట్టూ నింపిన మట్టీ, పైపుల కోసం తీసిన కాలువలూ కొన్నాళ్లకి కూరుకోవడం సహజం. తేడా ఏంటంటే, ఇద్దరు మనుషులొచ్చి పాతిక రాళ్లు పైకి తీసి, కింద చదును చేసి, మధ్యాహ్నం భోజనాల వేళకి మళ్లీ అవే రాళ్లు పేర్చి వెళ్లిపోయారు. ఎక్కడ తీశారో నేనే చెప్పలేను. ఓ సంక్రాంతికి మీ పిన్ని బయట స్టవ్ పెట్టి అరిసెలు చేస్తుంటే మూకుడు ఒలికి రెండు రాళ్లు నూనె తాగేశాయి. వాటిని గ్రిల్ కిందకి మార్చి, అక్కడున్న రాళ్లు తెచ్చి ఇక్కడ వేశాను. ఆ పని స్టాంప్డ్‌తో చేసి చూపించు!

కష్టాలంటావా, సందుల్లో గడ్డి మొలుస్తుంది, ఫైర్ యాంట్స్ అనే ఎర్రచీమలు ఇసుక తోడి పోస్తాయి. పాలిమెరిక్ ఇసుక (తడిపితే గట్టిపడేది) వేయిస్తే చాలావరకు తగ్గుతుంది గానీ కొన్నేళ్లకోసారి మళ్లీ నింపుకోవాలి. మొదట్లో రాళ్ల మీద తెల్లటి ఉప్పు పూస్తే కంగారు పడకు, మెల్లగా పోతుంది.

ఇక అసలు మెలిక. "పేవర్లు" అనే మాటకి ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర రెండు అర్థాలుంటాయి. ఒకడు కంకర, ఇసుక మీద విడి రాళ్లు పేరుస్తాడు. ఇంకొకడు కింద కాంక్రీటు పలక పోసి దాని మీద రాళ్లని గచ్చుతో అతికిస్తాడు. రెండో పద్ధతిలో కింది పలక పగిలితే పై రాయి కూడా అదే గీతలో పగులుతుంది. డబ్బు పేవర్లకి ఇచ్చి బాధ స్టాంప్డ్‌ది పడ్డట్టే. నీ కొటేషన్లో ఏదో రాయలేదు, అడుగు. విడి రాళ్లే అయితే ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. రేగడికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ వేస్తున్నారా? కంకర ఆరు అంగుళాలకి తగ్గకుండా, ఒకేసారి పోసేయకుండా పొరలు పొరలుగా దిమ్మిస వేస్తారా? పైన ఇసుక అంగుళం చాలు, ఎగుడుదిగుడు సర్దడానికి ఇసుక ఎక్కువ పోస్తే అక్కడే గుంట పడుతుంది. గడ్డి వైపు అంచు కట్టు లేకపోతే రాళ్లు నెమ్మదిగా బయటికి జరుగుతాయి.

రాయి గట్టిదనం గురించి దిగులు పడకు. ఇక్కడి ప్రమాణం ప్రకారం కాంక్రీటు పేవర్ సగటున 8,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల) ఒత్తిడి తట్టుకోవాలి. డెక్ పలకకి మామూలుగా వాడే కాంక్రీటు అందులో సగమో, ఇంకా తక్కువో.

కరెంటు విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. పూల్ అంచు నుంచి మూడు అడుగుల దాకా నేలని బాండింగ్ చేయాలని (షాక్ కొట్టకుండా పూల్ లోహ భాగాలతో తీగ ద్వారా కలపాలని) ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. కాంక్రీటులో అయితే ఇనుప చువ్వలకే కలుపుతారు. విడి రాళ్ల కింద చువ్వలుండవు కాబట్టి నంబర్ 8 సాలిడ్ కాపర్ తీగ పూల్ చుట్టూ పూడ్చాలి. రాళ్లు పేర్చేవాడు దాన్ని తన పని అనుకోడు, పూల్ వాడూ అనుకోడు. సిటీ ఇన్‌స్పెక్టర్ చూసేదాకా కప్పనివ్వకు, నువ్వూ ఫోన్లో ఫొటో తీసిపెట్టుకో.

ఏ డెక్ వేసినా అది పూల్ కోపింగ్‌ని (పూల్ గోడ పైన చుట్టూ ఉండే అంచు రాళ్లని) నేరుగా తాకకూడదు. మధ్యలో మెత్తటి మాస్టిక్ (రబ్బరులా సాగే పదార్థం) జాయింట్ ఉండాలి. లేకపోతే రేగడి ఉబ్బి డెక్‌ని నెట్టుతుంది, డెక్ కోపింగ్‌ని నెట్టుతుంది, నీటి అంచున టైల్స్ ఊడతాయి. వాలు అడుగుకి పావు అంగుళం, పూల్ నుంచి బయటికి, ఇంటి వైపు మాత్రం కాదు.

కోడలు ముచ్చటపడ్డ ఆ ముదురు బూడిద రంగు ఒక్కటే నాకు నచ్చలేదు. టెక్సాస్ ఎండలో పిల్లలు దాని మీద ఉత్త కాళ్లతో నిలబడలేరు. లేత రంగు ట్రావర్టైన్ రాయి కొంచెం నయం. మీది సాల్ట్ వాటర్ పూల్ కాబట్టి మెత్తటి సున్నపురాయి జోలికి మాత్రం పోవద్దు, ఉప్పు నీళ్లకి పొరలు పొరలుగా రాలుతుంది.

డబ్బులు కుదరకపోతే పూల్ చుట్టూ పేవర్లు వేయించి, ఆ పక్క గ్రిల్ దగ్గరి చిన్న ముక్కకి మామూలు బ్రూమ్ ఫినిష్ (చీపురుతో గరుకు చేసిన) కాంక్రీటు పోయించు. అచ్చులూ రంగులూ అక్కర్లేదు, కోతలు మాత్రం సరిగ్గా కోయించు.

శనివారం మూడింటికి నేనూ పిన్నీ వస్తాం. ఈలోగా షాపు నుంచి మూడు రంగుల శాంపిల్ రాళ్లు తెచ్చి పొద్దున్నుంచీ ఎండలో పెట్టి ఉంచు. చెప్పులు విప్పి నిలబడేది మాత్రం నువ్వే, నేను కాదు.

ఇట్లు,
మీ బాబాయి