అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు, సీసీ కెమెరాలు పెట్టించాను. వాళ్ల భద్రతకి ఇంకేం చేయాలి?

మీరు అమెరికాలో, అమ్మానాన్నలు గుంటూరులో. గేటు దగ్గరా హాల్లోనూ కెమెరాలు, తలుపుకి ఫోన్‌తో తెరిచే తాళం పెట్టించానన్నారు. ఉంచండి, మంచిదే. కానీ నేను కోస్తాలో ఒక బ్యాంకు బ్రాంచిలో కౌంటర్‌లో కూర్చునే మనిషిని. నా కళ్ల ముందు పెద్దవాళ్ల డబ్బు పోతున్నది గోడ దూకినవాడి చేతిలో కాదు, వీడియో కాల్‌లో పోలీసు బట్టలేసుకుని కూర్చున్నవాడి చేతిలో. డిజిటల్ అరెస్ట్ అంటున్నారే, అది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మా బ్రాంచికి ఒక రిటైర్డ్ టీచర్ గారు వస్తారు. భర్త పోయారు, కొడుకు మీలాగే అమెరికాలో. పెన్షన్‌కి వస్తే కాసేపు కూర్చుని, మా పిల్లల చదువులు అడిగి గానీ వెళ్లరు. ఆ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు. ఎఫ్‌డీలన్నీ క్లోజ్ చేసి, ఆ డబ్బు వేరే ఖాతాకి ఆర్టీజీఎస్‌లో, అంటే పెద్ద మొత్తాలు వెంటనే పంపే పద్ధతిలో, పంపేయమన్నారు. ఎవరికి టీచర్ గారూ అంటే, "మా అబ్బాయి ఫ్లాట్ కొంటున్నాడు" అన్నారు, పాఠం అప్పజెప్పినట్టు. ఫారంలో చూస్తే డబ్బు వెళ్లాల్సింది ఏదో ట్రేడర్స్ పేరుతో ఉన్న ఖాతాకి, అదీ ఎక్కడో ఉత్తరాదిలో. చేతిసంచి జిప్పు సగం తీసి ఉంది, మాటిమాటికీ చూపు దాని మీదకే పోతోంది. నేను ఒక విత్‌డ్రాయల్ స్లిప్పు వెనక "ఫోన్‌లో ఎవరైనా వింటున్నారా? తల ఊపండి చాలు" అని రాసి ముందుకు జరిపాను. ఆవిడ చదివారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల ఊపారు.

మేనేజర్ గారి గదిలో ఆ ఫోన్ బయటికి తీశాం. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి, వెనక గోడకి ముంబై పోలీసు బోర్డు. మేనేజర్ గారు కాల్ కట్ చేస్తే ఆవిడ సంతోషించలేదు సరికదా, "ఎందుకు కట్ చేశారు బాబూ, ఇప్పుడొచ్చి నన్ను తీసుకుపోతారు" అని వణికిపోయారు. మంచినీళ్లు తాగించి, ఇదంతా మోసమని నచ్చజెప్పేసరికి చాలాసేపు పట్టింది. తేరుకున్నాక ఆవిడ నోట వచ్చిన మొదటి మాట: "మా అబ్బాయికి చెప్పకండమ్మా."

మీ ప్రశ్నకి నా జవాబు ఆ మాటలోనే ఉంది. ఈ మోసగాళ్లు మొదట అడిగేది డబ్బు కాదు, గుట్టు. ముందు మీ సిమ్ కార్డు ఆగిపోతుందనో, మీ పేరున పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనో ఫోన్ వస్తుంది. తర్వాత మీ ఆధార్‌తో ఖాతా తెరిచి మనీ లాండరింగ్ చేశారంటారు. వెంటనే వీడియో కాల్. కెమెరా ముందు నుంచి లేవకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు, చెప్తే వాళ్ల మీదా కేసు పెడతామంటారు. మీ సొమ్మంతా వెరిఫికేషన్ కోసం రిజర్వ్ బ్యాంకు ఖాతాలో వేయండి, కేసు తేలగానే వెనక్కి వస్తుందని చివర్న అంటారు. మన పెద్దవాళ్లు జీవితంలో పోలీస్ స్టేషన్ మెట్లెక్కి ఎరగరు, ఎక్కడమే పరువు తక్కువ అనుకున్న తరం. వాళ్ల నిజాయతీనే పట్టుకుని ఆడుకుంటారు ఈ దుర్మార్గులు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

చదువు లేనివాళ్లే మోసపోతారనుకోకండి. 2024లో వర్ధమాన్ గ్రూప్ అధిపతి ఎస్‌.పి. ఓస్వాల్ లాంటి పారిశ్రామికవేత్తనే కూర్చోబెట్టి, నకిలీ సుప్రీంకోర్టు విచారణ నడిపి, ప్రధాన న్యాయమూర్తిలా ఒకడు నటించి 7 కోట్లు లాగారు. వెంటనే ఫిర్యాదు చేశారు కాబట్టి అందులో 5 కోట్లకు పైగా పోలీసులు వెనక్కి రాబట్టగలిగారు. హిందీలోనే మాట్లాడతారు కాబట్టి మావాళ్లకి తెలిసిపోతుందన్న ధీమా కూడా వద్దు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని కాంబోడియా పంపి, అక్కడ బలవంతంగా ఇలాంటి కాల్స్ చేయించిన ఏజెంట్లని అదే ఏడాది విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అంటే అవతల గొంతు చక్కటి తెలుగులోనే రావచ్చు.

ఇక కెమెరాల సంగతి. టీచర్ గారి హాల్లోనూ ఉంది. అంతకుముందు రోజంతా అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్ పెట్టుకుని కూర్చోవడం కొడుకు చూశాడట. చుట్టాలెవరితోనో మాట్లాడుతోందిలే అనుకున్నాడట. అతని తప్పేముంది, ఎవరైనా అలాగే అనుకుంటారు. కెమెరాకి మనిషి కనిపిస్తుంది గానీ భయం కనిపించదు.

కాబట్టి ముందు మీరు వాళ్లతో మాట్లాడండి. జాగ్రత్త అని పొడిగా చెప్తే లాభం లేదు. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం ఈ దేశంలో లేనేలేదని చెప్పండి. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో చెప్పింది కూడా అదే. విచారణకి రమ్మనే పోలీసు నోటీసు వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇంకొక్క మాట తప్పకుండా చెప్పండి: "డబ్బు పోయినా సరే, ముందు నాకు చెప్పు నాన్నా, నేను ఒక్క మాట అనను." మామూలు రోజుల్లో కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారనో, ఏదో లింకు నొక్కారనో "నీకెన్నిసార్లు చెప్పాలమ్మా" అని విసుక్కునే పిల్లలకి, పెద్ద ఆపద వచ్చినప్పుడు తల్లిదండ్రులు చెప్పరు. కౌంటర్ ఇవతల కూర్చుని ఇది చూస్తూనే ఉన్నాను.

మీకు పగలైతే వాళ్లకి అర్ధరాత్రి. అందుకని ఊళ్లోనే ఒక మనిషి ఉండాలి. బాబాయి గారో, పక్కింటి పిన్ని గారో, మీ పాత స్నేహితుడో. పెద్ద మొత్తం ఏది తీయాలన్నా ముందు ఆ మనిషికి ఫోన్ చేయాలని ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి. అలాగే ఈసారి వచ్చినప్పుడు వాళ్లతో కలిసి బ్రాంచికి వెళ్లి పరిచయం చేసుకోండి. మీ నంబరు ఇవ్వండి. ఖాతాదారు తన డబ్బు తను అడిగితే మేం కాదనలేం, అడగగలం, కాసేపు ఆపగలం, అంతే. కానీ కొడుకు నంబరు మా దగ్గరుంటే ఆ కాసేపట్లో చాలా జరుగుతుంది.

ఎఫ్‌డీలు అమ్మానాన్న ఇద్దరి పేర్ల మీదా ఉంటే, ఎవరో ఒకరి సంతకం చాలన్నట్టు కాకుండా, గడువుకి ముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలన్నట్టు మార్చవచ్చు. ఒకరికి ఏమైనా అయితే రెండోవారికి కాగితాల తిప్పలు పెరుగుతాయి కాబట్టి ఇద్దరూ ఇష్టపడితేనే చేయండి. మొబైల్ యాప్‌లో రోజువారీ బదిలీ పరిమితి మాత్రం తగ్గించేయండి, దానికి ఆలోచించక్కర్లేదు.

అయినా డబ్బు వెళ్లిపోతే ఏడుస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయాలి, తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి, బ్రాంచిలో రాతపూర్వకంగా ఇవ్వాలి. వెళ్లిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు, అద్దెకి తీసుకున్న పది ఖాతాల్లోకి చీలిపోతుంది. ఎంత త్వరగా చెప్తే అంత ఎక్కువ మొత్తం మధ్యలో హోల్డ్‌లో పడుతుంది. టీచర్ గారు మా దగ్గరికి రాకముందే ఫోన్‌లోంచి కొంత పంపేశారు. అందులో కొంత భాగం అలా ఆగింది, లోక్ అదాలత్ ఉత్తర్వు వచ్చాక తిరిగి ఖాతాలో పడింది. ఆ తిరుగుడంతా కొడుకే ఫోన్ మీద నడిపించాడు. వద్దు వద్దంటూనే ఆవిడ ఆ సాయంత్రమే అతనికి చెప్పేశారు లెండి.