గొడవకు పోయే ముందు ఒక్కసారి మిద్దెక్కి చూడు

అమ్మీ,

రాత్రి నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల ఆ కుక్క మొరుగుడు ఇక్కడ కర్నూల్లో నాకు వినపడింది. నీ గొంతులో ఏడుపు కూడా వినపడింది. ఆరు నెలల బిడ్డను పెట్టుకొని, ఎప్పుడో ఒంటిగంటకు నిద్రపుచ్చి నువ్వు పక్క మీద వాలేసరికి మళ్లీ మొదలైతే ఎవరికైనా తిక్క రేగుతుంది. ఫోన్లో చెబితే సగం మాటలు బిడ్డ ఏడుపులో పోతాయని పొద్దున్నే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

"రేపు పోయి ఆ పక్కింటోళ్లను కడిగేస్తా" అన్నావే, అది మాత్రం చేయొద్దు. నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నా.

మేం వెంకటరమణ కాలనీలో ఉన్నప్పుడు పక్కింటోళ్లు జర్మన్ షెపర్డ్ పిల్లను తెచ్చుకున్నారు. పిల్లగా ఉన్నన్నాళ్లూ ముద్దుగానే ఉండేది, ఏడాది తిరిగేసరికి మిద్దె మీద కట్టేశారు, ఇక పగలూ రాత్రీ ఒకటే మొరుగుడు. మీ చిన్నాయనకు బీపీ మొదలైంది కూడా అప్పుడే. ఒకరోజు తెల్లవారుజామున మూడు గంటలకు నేను గోడ దగ్గర నిలబడి వీధంతా లేచేలాగా అరిచాను. దాంతో ఎనిమిది నెలలు రెండిళ్ల మధ్య మాటల్లేవు. కుక్క ఒక్కరోజు కూడా ఆగలేదు. పైగా వాళ్లకు పౌరుషం వచ్చి, నేను ఏం చెప్పినా వినకూడదని కూర్చున్నారు.

ఆ తర్వాత ఏప్రిల్‌లో ఒకరోజు వడియాలు ఆరబోసి, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు తిరగేద్దామని మిద్దె ఎక్కాను. చెప్పుల్లేకుండా రెండడుగులు వేసేసరికి కాళ్లు చుర్రుమన్నాయి. పక్క మిద్దె వైపు చూస్తే ఆ కుక్క నీళ్ల ట్యాంకు పక్కన జానెడు నీడలో నిలబడి, ముందుకాలు ఒకటి ఎత్తి దించి, ఇంకోటి ఎత్తి దించి, కూర్చోలేక నిలబడలేక తల్లడిల్లుతోంది. గొలుసు మూరెడు. నీళ్ల గిన్నె బోర్లాపడి దొర్లిపోయి, దానికి అందనంత దూరంలో ఉంది. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి పచ్చి చర్మం కనబడుతోంది. నన్ను చూసి మొరిగింది. అన్నాళ్లూ ఆ మొరుగుడు విని నేను దాన్ని తిట్టుకున్నాను గానీ, అది ఎవర్నో పిలుస్తోందని ఆ రోజే అర్థమైంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదమ్మీ, నాలుక బయటపెట్టి ఒగర్చడమే దానికున్న ముఖ్యమైన దారి. చలిదేశాల బొచ్చు కప్పుకొని, మన సీమ ఎండలో, కాలే స్లాబు మీద గొలుసుకు కట్టేస్తే అది ఇంకేం చేస్తుంది?

అందుకని నువ్వు మొదట చేయాల్సిన పని, ఒక వారం పాటు అది ఎప్పుడెప్పుడు మొరుగుతోందో ఒక పాత నోటుబుక్కులో రాయడం. తేదీ, టైము, ఎంతసేపు, ఆ సమయానికి వీధిలో ఏం జరుగుతోంది, అంతే. పాలాయన, పేపర్ పిల్లోడు, చెత్త బండి వచ్చినప్పుడే అయితే దానికి గేటు సందుల్లోంచి రోడ్డు కనబడుతోందని అర్థం, కనబడకుండా అడ్డం కడితే చాలావరకు తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు బండి వేసుకొని బయటికి పోయిన పది నిమిషాలకు మొదలై వాళ్లు వచ్చేదాకా సాగితే అది ఒంటరితనం. మొరగడమే కాకుండా చెవులు గోక్కోవడం, తల విదిలించడం చేస్తుంటే చెవిలో చీము పట్టో, గోమార్లు చేరో ఉండొచ్చు, పశువుల డాక్టరుకు చూపించాల్సిందే. ముసలిదైతే రాత్రిపూట దిక్కుతోచక కూడా అరుస్తుంది. చిత్తకార్తెలో అయితే ఊళ్లో కుక్కలన్నీ ఒకటే, ఆ పదిహేను రోజులు ఎవరినీ ఏమీ అనలేం. అసలు అది పక్కింటి కుక్కేనా, వీధి చివర చికెన్ సెంటర్ దగ్గర పడేసిన వ్యర్థాలకు చేరిన వీధికుక్కలా అన్నది కూడా ఈ వారంలోనే తేలుతుంది. వీలైతే మీ మిద్దె ఎక్కి ఒకసారి దాన్ని కళ్లారా చూడు. వీడియో తీస్తే శబ్దం కోసం తియ్యి, వాళ్లింట్లో మనుషులు పడకుండా తియ్యి.

ఆ తర్వాత మాట్లాడటానికి పో. రాత్రి నిద్ర చెడిన కోపంతో కాదు, ఆదివారం పదీ పదకొండు గంటలప్పుడు, స్నానం చేసి, బిడ్డను ఎత్తుకొని పో. అల్లుణ్ణి ఒక్కణ్ణే పంపొద్దు, మగవాళ్లిద్దరు గేటు దగ్గర నిలబడితే మాట పెరుగుతుంది. వీధిలో పదిమందిని వెంటేసుకొని అసలే పోవద్దు. నేను ఉగాదికి భక్షాలు తీసుకొని పోయాను. ఆమె తలుపు తీసి నన్ను చూసి బిత్తరపోయింది. "అక్కా, ఆరోజు నేను అట్లా అరవకూడదు, తప్పు నాదే" అన్నాను, నిజంగానే అన్నాను, ఎత్తుగడగా కాదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కుక్కను ముచ్చటపడి తెచ్చింది కొడుకు, అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు, తిప్పలేడు. ఆమెకేమో కుక్క అంటేనే భయం, అన్నం గిన్నెను కర్రతో ముందుకు తోసి పరిగెత్తుకొచ్చేది. కొడుకును అడిగితే "ఎవరికైనా ఇచ్చేస్తే ఊరుకోను" అంటాడు. మా కంటే ఎక్కువగా వాళ్లకే నిద్రల్లేవు! ఎనిమిది నెలలు మేం శత్రువుల్లాగా చూసింది ఆ మనుషుల్ని.

మీ పక్కింటోళ్లూ ఇట్లాగే ఉంటారని నేను అనను. కానీ "మీ కుక్క మాకు నరకం చూపిస్తోంది" అంటే వాళ్ల నోట్లోంచి వచ్చే మొదటి మాట "కుక్క మొరక్క పాట పాడుతుందా" అనే. అదే "రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా ఆగకుండా అరుస్తోందండీ, దానికేమైనా బాగాలేదేమో అనిపించింది, బిడ్డ కూడా లేస్తోంది" అని టైముతో సహా చెబితే వాళ్లు కుక్క గురించి ఆలోచించడం మొదలుపెడతారు. నోటుబుక్కు రాయమన్నది అందుకే. ఊరికే పోకుండా చేతిలో ఒక ఉపాయం కూడా పెట్టుకొని పో.

ఉపాయాలేం పెద్దవి కాదు. మా పక్కింట్లో కుక్కను మిద్దె మీద నుంచి దించి, వెనకాల వేపచెట్టు కింద పొడుగు తాడుతో కట్టారు. గేటుకు నర్సరీల్లో వాడే పచ్చ షేడ్‌నెట్ కట్టాం, అది నేనే కొనిచ్చాను, నాలుగు మీటర్లకు పెద్ద ఖర్చేం కాలేదు. నీళ్లు దొర్లిపోకుండా బరువైన రాతితొట్టి పెట్టారు. వీధిలో ఇంటర్ చదివే పిల్లోడికి నెలకు కొంత ఇచ్చి పొద్దున అయిదున్నరకు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి తిప్పమన్నారు. ఎండాకాలం మధ్యలో ఎప్పుడూ తిప్పకూడదు, చెయ్యి వెనకభాగం తారు రోడ్డుకు ఆనించి మనం ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. రాత్రిళ్లు వరండాలో మనుషుల అలికిడి వినబడేచోట పడుకోబెట్టారు. ఇంకొకటి, మొరిగినప్పుడల్లా నోరు మూయించడానికి బిస్కెట్ వేసేవాళ్లు, అది మానిపించాం. మొరిగితే బిస్కెట్ వస్తుందని దానికి అలవాటైపోయింది కదా, ఊరుకున్నప్పుడు వేస్తే ఊరుకోవడం నేర్చుకుంటుంది. మూడు వారాలు పట్టింది. పూర్తిగా పోలేదు, చెత్త బండికి మాత్రం చివరిదాకా మొరిగింది, కానీ రాత్రిళ్లు ఇల్లు సద్దుమణిగింది. వాళ్లను అడక్కుండా నువ్వు దానికి తిండి మాత్రం వేయొద్దు, మంచికి పోయినా మాట పడతావు.

ఇదంతా కుదిరేలోపు నీ నిద్ర సంగతి చూసుకో. ఉయ్యాలను ఆ గోడ వైపు నుంచి వంటింటి వైపు గదిలోకి మార్చు. ఆ వైపు కిటికీకి మందపాటి దుప్పటి అడ్డం కట్టు. అనంతపురంలో ఎట్లాగూ కూలర్ ఉంటుంది, ఆ హోరులో బయటి మొరుగుడు సగం కలిసిపోతుంది. నువ్వు చెప్పిన ఆ ఆన్‌లైన్ మిషన్, కుక్కకే వినబడే శబ్దం చేసేది, కొనొద్దు. దాని చెవిని బాధపెట్టి మొరుగుడు మాన్పించాలనుకుంటే అది ఇంకా బెదిరి ఎక్కువ మొరిగేదే తప్ప లాభం లేదు.

రెండు మూడుసార్లు మర్యాదగా చెప్పినా చెవిన పెట్టకపోతే అప్పుడు చట్టం ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు, దగ్గర్నుంచి కుక్క మొరిగితే అంతకు ఎంతో ఎక్కువ. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, కట్టేసిన కుక్కను తిప్పకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం, అయితే మొదటిసారికి జరిమానా యాభై రూపాయలు దాటదు, కాబట్టి దాన్ని చూపి బెదిరిస్తే ఎవరూ బెదరరు. మీ వార్డు సచివాలయంలో గానీ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ అర్జీ ఇవ్వొచ్చు. ఒక్క నీ సంతకంతో కాకుండా ఇబ్బంది పడుతున్న నాలుగిళ్లవాళ్ల సంతకాలతో, ఆ నోటుబుక్కు జిరాక్స్ జతచేసి ఇవ్వు, అప్పుడే అది ఇరుగుపొరుగు తగాదాగా కాకుండా వీధి సమస్యగా కనబడుతుంది. కుక్కను తీసేయించమని మాత్రం అడగొద్దు, రాత్రి శబ్దం ఆపించమని అడుగు. మొరుగుతోందన్న ఒక్క కారణంతో పెంపుడు కుక్కను వద్దనడానికి లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి, రాత్రిళ్లు గోల లేకుండా చూసుకోమని యజమానులకూ వాటిలోనే చెప్పారు.

ఇక అల్లుడు కోపంలో అన్న మాట, మాంసంలో ఏదో కలిపి వేస్తానన్నది. కోపంలోనే అన్నాడని నాకు తెలుసు, అయినా చెప్పు. ఆ పని చేస్తే భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. జైలు సంగతి అట్లా ఉంచు, ఆ నోరులేని జీవం గిలగిలా కొట్టుకుంటుంటే గోడకు ఇవతల మీ బిడ్డను పక్కలో వేసుకొని మీరు పడుకోగలరా? రాళ్లు వేయడం కూడా వద్దు, రాయి పడిన చోటును అది మర్చిపోదు, రేపు నీ బిడ్డ నడక నేర్చుకొని ఆ గేటు ముందు నుంచే పోవాలి.

శుక్రవారం మీ చిన్నాయన పనిమీద అనంతపురం వస్తున్నాడు. ఊరుమిరపకాయలు రెండు పొట్లాలు కట్టి పంపిస్తున్నా, ఒకటి నీకు, ఒకటి పక్కింటికి. అప్పటికి నోటుబుక్కులో నాలుగు రోజులైనా రాసి ఉంచు, ఆయనకు చూపించు. ఆదివారం పోయివచ్చాక ఎంత రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యి.

మీ చిన్నమ్మ