ఆకుపచ్చ కాగితం మీద మూడో గడి

ప్రశ్న: మా రెండో అమ్మాయి జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్. చదువుతోంది. నాలుగు సెమిస్టర్లలో అయిపోవాల్సిన చదువు. థీసిస్ ఇంకా మొదలుకాలేదు, మరో ఆరు నెలలు పడుతుందంటోంది. వీసా చూస్తే మార్చి 31తో ముగుస్తోంది. పొడిగింపు కోసం అక్కడి ఆఫీసులో మే నెల దాకా అపాయింట్‌మెంట్ లేదట. ఇంటికి వచ్చేసి మళ్లీ వీసా తీసుకోవడమే మేలని మా బావమరిది అంటున్నాడు. బ్లాక్డ్ అకౌంటులో (అక్కడి ఖర్చులకు డబ్బుందని చూపడానికి ముందే వేసి, నెలనెలా కొంతే తీసుకునే ఖాతా) మొదటిసారి వేసినంత డబ్బు మళ్లీ వేయాలా? పైగా ఏప్రిల్ చివర్లో పెద్దమ్మాయి పెళ్లి. చెల్లెలు లేకుండా ఎలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, మీ బావమరిది గారి సలహా మాత్రం పాటించకండి. మీరు వీసా అంటున్నది అమ్మాయి దగ్గరున్న ప్లాస్టిక్ కార్డు, అంటే నివాస పర్మిట్. వీసా పాస్‌పోర్టులో అంటించిన స్టిక్కరు. దాని పని ఆమె అక్కడ దిగిన కొన్ని నెలలకే అయిపోయింది. పర్మిట్‌ను పొడిగించేది ఆమె ఉంటున్న ఊళ్లోని విదేశీయుల కార్యాలయమే. అన్నీ వదిలి ఇంటికొస్తే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

అపాయింట్‌మెంట్ మేలో దొరికినా ఫరవాలేదు. దరఖాస్తు మాత్రం మార్చి 31లోపు ఆఫీసుకు చేరాలి. అలా చేరితే, నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ అమల్లో ఉన్నట్టే లెక్క. జర్మన్ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో క్లాజు చెప్పేది ఇదే. పార్ట్‌టైం పనికున్న అనుమతి కూడా అలాగే కొనసాగుతుంది. ఒక్కరోజు దాటిందా, ఇక అది హక్కు కాదు, అధికారి దయ. అపాయింట్‌మెంట్ కోసం పేరు నమోదు చేసుకోవడం వేరు, దరఖాస్తు పెట్టడం వేరు. పిల్లలు తడబడేది ఇక్కడే.

అక్కడ ఉన్న రోజుల్లో నేనూ తడబడ్డాను. నా గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, పక్క గది అమ్మాయి చెబితే గానీ ఈ తేడా తెలియలేదు. అప్పటికప్పుడు ఫారం నింపి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదును కందిపప్పు డబ్బాలో దాచాను. గదిలో నేను తప్పకుండా రోజూ తెరిచేది అదొక్కటే! రెండు నెలల తరువాత కౌంటరులో ఉన్నావిడ నా బ్యాంకు కాగితాలను పక్కకు జరిపి, ముందు ఆ రసీదు మీద తేదీనే వేలుపెట్టి చదివింది. మీ అమ్మాయి ఆఫీసు ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఆన్‌లైన్‌లోనే పంపమనండి. అందినట్టు వచ్చే జవాబును మాత్రం భద్రపరచుకోవాలి.

దరఖాస్తుతో జతచేసే వాటిలో అసలు బలం ప్రొఫెసరు ఇచ్చే ఉత్తరానిది. చదువు ఎందుకు ఆలస్యమైంది, ఎప్పటికి పూర్తవుతుంది అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. తగిన కాలంలో చదువు ముగుస్తుందా అన్నదే అక్కడ చూసేది. ఏప్రిల్‌లో మొదలయ్యే సెమిస్టరుకు నమోదు పత్రం, ఆరోగ్య బీమా, అద్దె ఒప్పందం మామూలే. పాస్‌పోర్టు గడువు కూడా ఒకసారి చూసుకోమనండి. అది దగ్గరపడితే పర్మిట్ అంతవరకే ఇస్తారు.

డబ్బు విషయానికి వస్తే, ఖర్చులకు చూపాల్సిన ప్రస్తుత లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904. ఎంతకాలానికి పొడిగింపు అడుగుతోందో అంతకాలానికి చూపాలి. పార్ట్‌టైం జీతం చీటీలుంటే ఆ మేరకు తగ్గించి చూస్తారు. అందుకని అప్పు చేసి మొత్తం వేసేయకండి, ముందు ఆ ఆఫీసు ఏమి అడుగుతుందో కనుక్కోమనండి. ఊరికో పద్ధతి. పొడిగింపు రుసుము 93 యూరోలు.

ఇక పెళ్లి. దరఖాస్తు పెండింగులో ఉండగా ఆఫీసు ఒక ఆకుపచ్చ మడత కాగితం ఇస్తుంది. పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, రుసుము 13 యూరోలు. పేరుకు నోరు తిరగకపోయినా ఇబ్బంది లేదు, లోపల మూడు గడులుంటాయి, వాటిని చూడాలి. మూడో గడిలో గుర్తు ఉంటే పాత పర్మిట్ కొనసాగుతోందని అర్థం. ఆ కాగితం, పాత కార్డు, పాస్‌పోర్టు మూడూ చేతిలో ఉంటే వచ్చి వెళ్లవచ్చు. మొదటి గడిలో గుర్తు ఉంటే మాత్రం కదలకూడదు. దరఖాస్తు పంపిన ఈ-మెయిల్ కాపీని నమ్ముకుని బయలుదేరితే, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లోనే ఆపేస్తారు.

చాలాచోట్ల ఆ కాగితం అడగకుండా దానంతట అదే రాదు. శుభలేఖ ఇప్పుడే అచ్చువేయించి ఒక కాపీ పంపండి. దానికి జర్మన్‌లో రెండు వాక్యాలు రాసి, ఏప్రిల్‌లో ప్రయాణం ఉందని, కాగితం ముందుగా ఇప్పించమని అమ్మాయి అడగాలి. ఇస్తారని నేను హామీ ఇవ్వలేను కానీ, ఊరికే త్వరగా కావాలని రాసే ఉత్తరం కన్నా తేదీ ఉన్న ఉత్తరానికి విలువ ఎక్కువ. కాగితం చేతికొచ్చాక మూడో గడి ఫొటో తీసి మీకు వాట్సాప్‌లో పంపమనండి. టికెట్టు ఆ తరువాత కొనండి.