కొత్తగా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండి కొన్నాను. ఆఫ్‌రోడింగ్ (రోడ్డు లేని నేలమీద నడపడం) ఎక్కడ మొదలుపెట్టాలి, ముందుగా ఏమేమి కొనాలి?

మహీంద్రా థార్ కొని రెండు నెలలైందని, ఇంకా తారురోడ్డు దిగలేదని రాశారు. పెద్ద టైర్లు, వించి (దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు), స్నార్కెల్ (ఇంజిన్‌కు ఎత్తునుంచి గాలి అందించే గొట్టం) వేయించుకోకుండా బయలుదేరితే ప్రమాదమా అనీ అడిగారు. హైదరాబాద్ చుట్టుపక్కల మొరం నేలల్లో, రేగడి డొంకల్లో చాలాకాలంగా బండి నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఇప్పుడే వాటిలో ఏదీ కొనకండి. కంపెనీ ఇచ్చిన బండే మొదటి ఏడాదికి మీకు చాలా ఎక్కువ. 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం), లో రేంజ్ గేర్లు (వేగం తగ్గించి బలం పెంచేవి) ఉన్న బండి ఎక్కడైనా ఆగిపోయిందంటే, చాలాసార్లు కారణం సామాను లేకపోవడం కాదు, తొందర.

ముందుగా గేర్ పక్కనున్న రెండో లివర్‌తో స్నేహం చేయండి. (2023 జనవరి నుంచి థార్‌లో వెనక చక్రాలతో మాత్రమే నడిచే రకం కూడా వస్తోంది. పాత బండి కొనేవారు ఈ లివర్ ఉందో లేదో చూసుకోవాలి.) టూ హై అంటే రెండు చక్రాలకే శక్తి, అది రోజువారీ రోడ్లకు. ఫోర్ హై అంటే నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు గేర్లు; అది వదులు మట్టికి, బురదకు, ఇసుకకు. ఫోర్ లో అంటే నాలుగు చక్రాలకూ లో రేంజ్ గేర్లు; అది ఏటవాలుకు, రాళ్లకు, లోతైన గుంతలకు. థార్‌లోనూ మారుతి జిమ్నీలోనూ ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండువైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో ఆ తేడా చక్రం కాస్త జారడంతో సరిపోతుంది. పొడి తారు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా గేర్లమీద, షాఫ్టులమీద పడుతుంది. అందుకే పొడి రోడ్డుమీద ఫోర్ బై ఫోర్ వేయకూడదు.

మొదటి పాఠానికి అడవులూ కొండలూ అక్కర్లేదు. తెలిసినవారి ఖాళీ స్థలంలో, వారి అనుమతితో, మొరం దిబ్బ ఒకటి చూసుకోండి. మనిషి ఎత్తు చాలు. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఫోర్ లో వేయండి. ఒకటో గేరులో క్లచ్ పూర్తిగా వదిలి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా కూర్చోండి. బండి తనంతట తాను, మనిషి నడకకంటే నెమ్మదిగా కదులుతుంది. దిబ్బ ఎక్కేటప్పుడు ఎంత తక్కువ కాలు వేస్తే సరిపోతుందో గమనించండి. దిగేటప్పుడు అదే గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. అక్కడ క్లచ్ నొక్కారో, ఆ పట్టు పోయి బండి ఒక్కసారిగా జారుతుంది. వాలు దిగేటప్పుడు క్లచ్ జోలికి పోకూడదన్నది కాలికి అలవాటయ్యేదాకా అక్కడే ఎక్కి దిగుతూ ఉండండి.

ఎక్కుతూ సగంలో ఆగిపోతే బండిని పక్కకు తిప్పాలని చూడకండి. వాలుమీద బండి అడ్డంగా నిలబడితే బోల్తా పడవచ్చు. బ్రేకు పట్టుకుని, రివర్స్ గేరు వేసి, స్టీరింగ్ తిన్నగా ఉంచి, వచ్చిన దారినే వెనక్కి దిగాలి. ఈ వెనక్కి దిగడాన్ని చిన్న దిబ్బమీద కావాలనే సాధన చేయండి. స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు లోపలికి చుట్టకుండా అంచుమీదే ఉంచండి. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ విసురుగా తిరిగితే వేలు విరగవచ్చు.

నేలను చదవడం మాత్రం బండిలో కూర్చుంటే రాదు, దిగి నడవాలి. వికారాబాద్ వైపు ఒక డొంకలో, వాన వెలిసిన మర్నాడు, ఎదురొచ్చిన ట్రాక్టర్ డ్రైవరు మమ్మల్ని ఆపి బండ్ల జాడలో చేతికర్ర గుచ్చి చూపించాడు. పైన రేగడి ఎండి, పగుళ్లు తేలి గట్టిగా కనిపిస్తోంది. కర్ర మాత్రం వెన్నలోకి కత్తి దిగినట్టు జానెడు దిగిపోయింది. జాడ వదిలి, గడ్డి ఉన్న గట్టువారగా పొమ్మన్నాడు. గడ్డి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి కాబట్టి అక్కడ చక్రానికి ఆధారం దొరికింది. తడి రేగడి టైరు గాళ్లలో నిండిపోతే ఎంత ఖరీదైన టైరైనా నున్నటి గుండ్రాయితో సమానం. అప్పటినుంచి నా బండిలో ఒక కర్ర ఎప్పుడూ ఉంటుంది.

నీళ్ల విషయంలో ఇంకా కచ్చితంగా ఉండండి. థార్ 650 మిల్లీమీటర్ల లోతు దాటగలదని కంపెనీ చెబుతుంది. అది నిలిచిన నీటికి, గట్టి అడుగుకు వర్తించే మాట. పారుతున్న వాగులో మీరు నడిచి దాటలేకపోతే బండినీ దించవద్దు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇక కొనవలసినవి. గాలి కొలిచే మీటరు, బ్యాటరీతో నడిచే కంప్రెసర్, మంచి తాడు, దానికి తగిన షాకిల్స్ (తాడును బండికి తగిలించే ఇనుప కొక్కేలు), ఒక పార. అంతే. వీటిలో మీటరుకే నేను మొదటి స్థానం ఇస్తాను. మామూలుగా 30 పీఎస్‌ఐ దాకా ఉండే గాలిని వదులు ఇసుకలో 18కి దించి చూడండి. టైరు పక్కలు కాస్త ఉబ్బి, నేలమీద ఆనే భాగం పొడవవుతుంది. అంతకుముందు గొయ్యి తవ్వుకుంటున్న చక్రమే ఇసుకమీద తేలుతూ పోతుంది. 15కంటే తగ్గించి గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది.

దిగబడినప్పుడు చక్రం ఉత్తినే తిరుగుతుంటే వెంటనే కాలు తీసేయండి. తిరిగినకొద్దీ లోతుకు పోతుంది. ముందు పారతో చక్రాల ముందున్న మట్టి తీయండి, గాలి తగ్గించండి, ఆ తర్వాతే తాడు. తాడును కంపెనీ ఇచ్చిన టో హుక్కుకే కట్టాలి, ట్రైలర్ తగిలించే గుండుకు ఎన్నడూ కట్టకూడదు. అది విరిగితే తుపాకి గుండులా ఎగిరివస్తుంది. లాగేటప్పుడు తాడుమీద తడి దుప్పటి వేసి, మనుషులందరినీ తాడు పొడవుకంటే దూరంగా నిలబెట్టండి. లాగడానికి రెండో బండి లేకుండా అసలు బయలుదేరవద్దు, ఈ నియమం నేటికీ నేను తప్పను.

చోటు ఎంపిక మీద ఒక మాట గట్టిగా చెప్పాలి. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. నల్లమల వంటి పులుల అభయారణ్యాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. మన తీరంలో సముద్రపుటొడ్డు ఇసుకమీదకు బండి దించకండి. శీతాకాలం నుంచి వేసవి తొలిరోజుల దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి, గూళ్లు పైకి కనిపించవు. విత్తిన చేలో టైరు పడితే ఆ రైతు నష్టం మనం తిరిగి ఇవ్వలేనిది. అరకు వైపు వెళ్తే బొర్రా దగ్గర కటికి జలపాతానికి పర్యాటకులను తీసుకెళ్లే జీపులు ఎక్కి డ్రైవరు పక్కన కూర్చోండి. రాయి రాకముందే గేరు మార్చడం ఎలాగో వారి చేతులను చూస్తే తెలుస్తుంది.

తిరుగు ప్రయాణంలో తారురోడ్డు ఎక్కగానే టూ హైకి మారి, టైర్లలో గాలి నింపి, రెండు మూడుసార్లు బ్రేకు నెమ్మదిగా నొక్కి తడి ఆరనివ్వండి. వేగం అందుకున్నాక స్టీరింగ్ వణికితే కంగారుపడి అలైన్‌మెంట్‌కు పరుగెత్తకండి. రిమ్ము లోపలివైపు గడ్డకట్టిన మట్టివల్ల బ్యాలెన్స్ తప్పుతుంది. నీళ్ల పైపుతో లోపలి అంచు కడిగాక కూడా వణుకు పోకపోతే అప్పుడు మెకానిక్‌కు చూపించండి.