సాక్షి సంతకానికి ఇద్దరు మనుషులు

పటమట నుంచి రాసిన చెల్లెమ్మకి,

మీరిద్దరమ్మాయిలూ మూడేళ్లుగా బెంగళూరులో ఒకే ఇంట్లో జంటగా ఉంటున్నారు, నవంబరులో టొరంటో వస్తున్నారు. కాగితాల్లో ఏమని రాయాలి, ఇల్లు ఎక్కడ చూసుకోవాలి, ఇక్కడి తెలుగువాళ్లకి ఏమని చెప్పుకోవాలి అని అడిగావు. చివర్లో "మేమిద్దరం ఒకరికొకరు ఉన్నాం, మిగతావాళ్లతో మాకేం పని అక్కా" అన్నావు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. 2009లో నేనూ నా సహచరీ సరిగ్గా ఇదే అనుకుని విమానం ఎక్కాం.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను, అన్నిటికన్నా తేలిక అదే. ఏడాదిపాటు ఆగకుండా కలిసి కాపురం ఉంటే కెనడా మిమ్మల్ని కామన్‌లా పార్ట్‌నర్లుగా, అంటే పెళ్ళి కాకుండానే కలిసి కాపురం ఉంటున్న జంటగా లెక్కేస్తుంది. ఇద్దరమ్మాయిలైనా అంతే. ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె అగ్రిమెంటు, జాయింట్ అకౌంటు, ఒకే అడ్రసుకి వచ్చిన బిల్లులు భద్రంగా ఉంచుకోండి. ఇంట్లో ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో ఫారంలో 'సింగిల్' అని మాత్రం రాయొద్దు, రేపు ఒకరు ఇంకొకరిని స్పాన్సర్ చేసి ఇక్కడ ఉంచుకోవాలంటే అదే అడ్డొస్తుంది. పెళ్ళి ఇక్కడికొచ్చాక చేసుకోవచ్చు, ఇద్దరమ్మాయిల పెళ్ళిని ఒప్పుకునే చట్టం 2005 నుంచి దేశమంతా ఉంది. మన దగ్గర 2018లో ఇలాంటి సంబంధం నేరం కాదన్నారు గానీ, ఇలాంటి పెళ్ళిని గుర్తించడానికి 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇక్కడి సర్టిఫికెట్ బెజవాడలో పనికొస్తుందని అనుకోకండి. మిగతావన్నీ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్లో ఉన్నాయి. మేం ఏ ఏజెంటుకీ రూపాయి ఇవ్వకుండా అన్నీ మేమే నింపుకున్నాం, మీరూ చేసుకోగలరు.

నాది గుంటూరు బ్రాడీపేట. తనది విజయవాడ సత్యనారాయణపురం. ఇద్దరం చదువు కోసమే వచ్చాం. తెలుగు మాట వినపడుతుందని టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో మనవాళ్లింట్లో బేస్‌మెంటులో గది తీసుకున్నాం, వంటిల్లు వాళ్లదీ మాదీ ఒకటే. మొదటి రోజే ఆ ఇంటి ఆంటీ "మీరిద్దరూ ఏమవుతారమ్మా?" అని అడిగారు. నేను ఆలోచించకుండా "మా పిన్ని కూతురండీ" అన్నాను. స్నేహితురాలు అని ఉంటే అక్కడితో అయిపోయేది. పిన్ని కూతురు అన్నాక మనవాళ్లు ఊరుకోరు. మీ అమ్మకి సొంత చెల్లెలా, బాబాయి ఏం చేస్తారు, ఇంటిపేరేంటి, ఏ ఊరు? అడిగిన ప్రతిదానికీ ఇంకో అబద్ధం కావాలి. పైకి భోజనానికి పిలిచినప్పుడల్లా, కిందటిసారి ఏం చెప్పామో ఇద్దరం కూర్చుని గుర్తుచేసుకుని మెట్లెక్కేవాళ్లం. అలా ఎక్కిన రోజు నాకు ముద్ద దిగేది కాదు.

2010 సంక్రాంతికి వాళ్లింటికి అరండల్‌పేట ఆవిడ ఒకరు వచ్చారు. మా అమ్మని చిన్నప్పటి నుంచీ తెలుసట. అందరి ముందూ "మీ అమ్మకి చెల్లెళ్లే లేరు కదమ్మా" అన్నారు. ఆవిడ మనసులో ఏమీ లేదు, తెలిసిన మాట చెప్పారు, అంతే. ఆ తర్వాత హాల్లో ఎవరూ మాట్లాడలేదు. నెలాఖరుకల్లా గది ఖాళీ చేయమన్నారు. ఇలాంటి కారణంతో అద్దెకివ్వననడం ఒంటారియోలో చట్టవిరుద్ధం. కానీ వంటిల్లో బాత్‌రూమో ఓనరు కుటుంబంతో కలిపి వాడుకునే ఇంట్లో ఆ రక్షణ లేదని మాకు అప్పుడే తెలిసింది. అందుకే చిన్నదైనా విడి వంటిల్లున్న చోటే దిగండి. మొదటి నెలతో పాటు చివరి నెల అద్దె కూడా ముందే అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి.

గది పోయింది, ఇంకోటి దొరికింది. ఈలోగా సంగతి గుంటూరు చేరింది. అమ్మ ఫోన్ చేసి "నువ్వు చెప్పుంటే నీ ముందే ఏడ్చేదాన్ని. ఊళ్లోవాళ్ల నోటివెంట విన్నానే" అంది. ఆ తర్వాత ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదొక్కటే.

టొరంటోలోనే ఉన్న స్కార్‌బరోకి మారాక ఇక తెలుగువాళ్ల ముఖం చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాం. అది ఇంకా పెద్ద తప్పు. నాకు ఉద్యోగం వచ్చింది, తనకి రాలేదు. డిసెంబరులో ఇక్కడ నాలుగూ నలభైకల్లా చీకటి పడిపోతుంది. నేను ఇంటికొచ్చేసరికి లైటు కూడా వేయకుండా కూర్చునుండేది. రోజంతా దాచుకున్న మాటలన్నీ నాతోనే చెప్పాలి, నాకేమో వినే ఓపిక ఉండేది కాదు. పోట్లాడుకుంటే బయటికెళ్లి చెప్పుకోవడానికి మనిషి లేదు. ఇద్దరున్న ఇంట్లో ఒంటరితనం ఉండదనుకుంటారు చెల్లీ. ఒకే మనిషి అమ్మా, స్నేహితురాలూ, ఊరూ అన్నీ కావాలంటే ఎవరూ మోయలేరు. మీ వయసులో ఇది నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు.

2013లో సిటీ హాల్లో పెళ్ళికి తేదీ తీసుకున్నాం. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలన్నారు. నాలుగేళ్లు ఆ ఊళ్లో ఉండి ఇద్దరు మనుషుల పేర్లు చెప్పలేకపోయాం. చివరికి నా ఆఫీసులో పక్క సీటు ఆవిడా, మా అంతస్తులోనే ఉండే శ్రీలంక పెద్దావిడా వచ్చారు. పెద్దావిడ మల్లెపూలు ఎక్కడ సంపాదించిందో గానీ ఇద్దరికీ జడలో పెట్టింది. ఆ రోజు నుంచే మేం మనుషుల్లో పడ్డాం.

అందుకే చెబుతున్నాను, వచ్చిన మొదటి నెలలోనే వెల్స్‌లీ సబ్‌వే స్టేషన్లో దిగి చర్చ్ స్ట్రీట్‌కి నడవండి. అక్కడ 519 అని మనలాంటి జంటలకి అండగా ఉండే కమ్యూనిటీ సెంటరుంది, కొత్తగా వచ్చినవాళ్ల కోసం గ్రూపులు నడుపుతారు. తెలుగు రాకపోయినా మీ మాట అర్థమయ్యేవాళ్లు ఉంటారు. ఇద్దరూ ఒకే గ్రూపుకి వెళ్లకండి, ఎవరి స్నేహితులు వాళ్లకి ఉండాలి. తెలుగువాళ్లని పూర్తిగా వదిలేయొద్దు. అందరికీ అన్నీ చెప్పక్కర్లేదు, "కలిసి ఉంటున్నాం" అంటే చాలు. చుట్టరికం మాత్రం కలపొద్దు. ఒక్క తెలుగు ఇంటికైనా నిజం చెప్పండి, చూసి చూసి, మనసు కుదిరాకే. మీ అమ్మలకి చెప్పే ఉద్దేశం ఉంటే మాత్రం విమానం ఎక్కకముందే, మీ నోటితోనే చెప్పండి.

నవంబరు అన్నావు. వీలైతే ఏప్రిల్‌కి మార్చుకోండి. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది, మనుషులు ఇళ్లల్లోంచి బయటికొచ్చి కూర్చుంటారు, పలకరిస్తే పలుకుతారు. టికెట్లు ఇంకా కొనకపోతే ఆగండి.