వస మొక్క చేమ కుటుంబంలోనిదేనా?

డిగ్రీ పాఠ్యపుస్తకం వసను చేమ, కందలతో కలిపి ఏరేసీ కుటుంబంలో పెట్టిందనీ, జన్యువుల ఆధారంగా పూలమొక్కలను వర్గీకరించే ఏపీజీ పద్ధతి మాత్రం దానికి అకోరేల్స్ అనే ప్రత్యేక క్రమాన్ని (కుటుంబం కన్నా పెద్ద వర్గాన్ని) ఇచ్చిందనీ, వీటిలో ఏది సరైనదనీ మీరు అడిగారు. ఏపీజీ చెప్పినదే సరైనది. అయితే పాతవారు ఊరికే పొరబడలేదు. కండగల కంకి మీద చిన్న చిన్న పూలు కిక్కిరిసి ఉండటం రెండింటిలోనూ కనిపిస్తుంది.

పీజీ చదివే రోజుల్లో నాకూ ఇదే సందేహం కలిగి, రెండు మొక్కలనూ ప్రయోగశాలకు తీసుకువెళ్లాను. చేమకాడను బ్లేడుతో పలుచగా కోసి, నీటి చుక్కలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తే, కట్టగట్టిన సూదుల్లా కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించాయి. చేమ కోసినప్పుడు చేతులు దురద పెట్టేది ముఖ్యంగా వాటివల్లనే. వస ఆకును ఎన్నిసార్లు కోసి చూసినా ఒక్క సూది కూడా దొరకలేదు సరికదా, తైలకణాలు చితికి గదంతా ఘాటైన వాసన నిండింది. మాటలు త్వరగా రావాలని పసిపిల్లల నాలుకకు రాసేదీ, వాగుడుకాయలకు వసపిట్ట అనే పేరు తెచ్చిపెట్టిందీ ఈ మొక్క దుంపైన వసకొమ్మే. ఇక ఆకు విషయానికి వస్తే, చేమాకుకు పైముఖం, కిందిముఖం స్పష్టంగా ఉంటాయి. వస ఆకు మాత్రం కత్తిలా పక్కలకు అణగి, రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

ఇటువంటి తేడాలను కూడగట్టి, వసను ఏరేసీ నుంచి తొలగించాలని వృక్షశాస్త్రవేత్త గ్రేయమ్ 1987లో వాదించారు. 1993లో మొక్కల హరితరేణువుల్లో ఉండే ఆర్‌బీసీఎల్ అనే జన్యువు ఆధారంగా గీసిన వంశవృక్షంలో, మిగిలిన ఏకదళబీజాలన్నిటికంటే (విత్తనంలో ఒకే బీజదళం ఉండే మొక్కలకంటే) ముందుగా విడిపోయిన శాఖ అకోరసే, అంటే వసేనని తేలింది. ఆ తర్వాత చీలిన అలిస్మటేల్స్ అనే క్రమంలో చేమ, అంతరతామర, హైడ్రిల్లా, సముద్రగడ్డి ఉన్నాయి. అంటే చేమకు వసకన్నా వరి, కొబ్బరి దగ్గరి చుట్టాలన్నమాట! ఈ సంగతి మొదటిసారి అర్థమైనప్పుడు నేను చాలాసేపు నమ్మలేకపోయాను.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ముందుగా విడిపోయినంత మాత్రాన వస మిగిలినవాటికి పూర్వీకురాలు కాదు; విడిపోయిన తర్వాత అది కూడా అంతే కాలం తన దారిలో మారుతూ వచ్చింది. అందుకే జవాబు పత్రంలో "ఆదిమ మొక్క" అని కాక, "మిగిలిన ఏకదళబీజాలకు సోదర శాఖ" అని రాయండి. ప్రశ్న బెంథామ్, హుకర్‌ల పాత వర్గీకరణ పద్ధతి ప్రకారం అడిగితే మాత్రం న్యూడిఫ్లోరే శ్రేణిలో చేమ పక్కనే చూపించాలి.